మబ్బు ఒకటే, వాన రెండు రకాలు: నెల్లూరు, ప్రకాశంలో ఆషాఢానికీ కార్తీకానికీ తేడా ఎక్కడొస్తోంది

క్లుప్తంగా

జూన్, జూలైల్లో మబ్బులు కమ్ముకొస్తాయి గానీ నాలుగు చినుకులు రాలి ఆగిపోతాయి, నవంబర్‌లో చూస్తే ఉరుము మెరుపు లేకుండానే మూడు రోజులు ముసురు పట్టి చెరువులు తెగుతాయి. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రతి ఏడూ జరిగేది ఇదే. గాలి ఎటునుంచి వస్తోంది, మబ్బు అడుగుభాగం నేలకి ఎంత ఎత్తులో ఉంది, మబ్బులో చుక్కలు ఏ సైజుకి పెరుగుతున్నాయి, తీరం గాలికి అడ్డంగా ఉందా వాలుగా ఉందా, ముఖ్యంగా ఈ నాలుగింటి మీదే తేడా అంతా ఉంది. ఈ రెండు వానల్నీ ఒకే లెక్కలో కట్టడం వల్లే ఫోన్లో చూపించే వానకీ పొలంలో పడే వానకీ పొంతన కుదరట్లేదు, మేఘమథనం (మబ్బుల్లో రేణువులు చల్లి వాన పెంచే ప్రయత్నం) మీద ఆశలూ లెక్క తప్పుతున్నాయి.

రుతుపవనాలు వచ్చాయంటారు, వాన రాదు

ఏటా జూన్ మొదటి వారంలో టీవీల్లో రుతుపవనాలు రాష్ట్రంలోకి ప్రవేశించాయని స్క్రోలింగ్ వస్తుంది, మామూలుగా కేరళకి జూన్ 1న వచ్చి మూడు నాలుగు రోజుల్లో మన దక్షిణ కోస్తాని తాకుతాయి కాబట్టి ఆ వార్తలో తప్పేం లేదు. కానీ అదే వారం నెల్లూరులో, కావలిలో, ఒంగోల్లో పడమటి గాలి మొహం మీద నిప్పు చల్లినట్టు కొడుతుంటుంది. 40 డిగ్రీలు దాటే రోజులు జూన్‌లో కూడా మామూలే. జనానికి అర్థంకానిది ఇక్కడే మొదలవుతుంది, రుతుపవనం వస్తే చల్లబడాలి కదా అని.

నైరుతి గాలి అరేబియా సముద్రం మీద ఆవిరి నింపుకుని వస్తుంది. పడమటి కనుమలు ఎక్కేటప్పుడు చల్లబడి ఆ ఆవిరిలో చాలా భాగం కేరళ, కర్ణాటక, కొంకణ్ తీరాల్లో కురిసేస్తుంది. కనుమలు దాటాక అదే గాలి పీఠభూమి మీదుగా అనంతపురం, కడప దాటుకుంటూ మన వైపు దిగుతూ వస్తుంది. గాలి పైకి పోతే చల్లబడుతుంది, కిందికి దిగితే వేడెక్కుతుంది, తేమ తక్కువున్న గాలి కిలోమీటర్ దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది, అంటే అర కిలోమీటర్ ఎత్తున్న పీఠభూమి నుంచి నెల్లూరు దాకా దిగేసరికే 5 డిగ్రీల వేడి ఊరికే వచ్చి చేరుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట ఈ రెండు జిల్లాల్లో రోహిణి దాటి మృగశిర, ఆరుద్రల దాకా కూడా నడుస్తుందంటే ఈ దిగే గాలే కారణం.

అందుకే సంవత్సరం లెక్క చూస్తే నెల్లూరు జిల్లాకి సగటున సుమారు 1,080 మిల్లీమీటర్ల వాన ఉంటే అందులో నైరుతి కాలం నాలుగు నెలల వాటా మూడో వంతుకి కూడా అటూఇటూగానే ఉంటుంది, అరవై శాతం దాకా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడిపోతుంది. ప్రకాశంలో మొత్తమే తక్కువ, సుమారు 870 మిల్లీమీటర్లు, అది రెండు కాలాలకీ దాదాపు సగం సగం పంచుకుంటుంది. ఈ సగం సగం అనేది వినడానికి బాగుంటుంది గానీ నిజానికి కష్టమంతా అక్కడే ఉంది, ఏ కాలాన్నీ పూర్తిగా నమ్ముకునే వీల్లేని జిల్లా అది.

మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంది

నేల దగ్గరి గాలి పైకి లేస్తే ఏదో ఒక ఎత్తులో అందులోని ఆవిరి చుక్కలుగా మారుతుంది, ఆ ఎత్తే మబ్బు అడుగు. దాన్ని లెక్కేయడానికి ఒక సులువైన కొలత ఉంది. గాలి ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ, అంటే ఏ డిగ్రీకి చల్లబడితే ఆ గాలిలో ఆవిరి నీరవుతుందో ఆ డిగ్రీకి, మధ్య ఉన్న తేడాని 125తో గుణిస్తే మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో సుమారుగా వచ్చేస్తుంది.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం కనిగిరిలో 38 డిగ్రీల వేడి, 22 డిగ్రీల డ్యూ పాయింట్ అనుకుందాం. తేడా 16, మబ్బు అడుగు 2,000 మీటర్ల ఎత్తు. నవంబర్‌లో ముసురు పట్టిన రోజు నెల్లూరులో 27 డిగ్రీల వేడి, 24 డిగ్రీల డ్యూ పాయింట్ అనుకుంటే తేడా మూడే, మబ్బు అడుగు 400 మీటర్లు కూడా ఉండదు. కింద నుంచి చూసే మనిషికి రెండూ కారుమబ్బులే, రెండూ నల్లగానే ఉంటాయి. కానీ మొదటిదాంట్లోంచి జారిన చినుకు రెండు కిలోమీటర్ల పొడిగాలిని ఈదుకుంటూ రావాలి, రెండోదాంట్లోంచి జారిన చినుకు తడిగాలిలో నుంచే వచ్చి నేలని తాకుతుంది.

పొడిగాలిలో చిన్న చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి, పెద్దవి మాత్రం సగం కరిగి నేలకి చేరతాయి. దూరం నుంచి చూస్తే మబ్బు కింద బూడిద రంగు తెరలు వేలాడినట్టు కనపడి నేలకి తాకకముందే మాయమైపోతుంటాయి, పొదిలి, దర్శి మెట్ట పొలాల్లో నిలబడి చూస్తే ఇది తేటగా తెలుస్తుంది. చినుకు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని లాక్కుంటుంది కాబట్టి ఆ గాలి చల్లబడి, బరువెక్కి ఒక్కసారిగా కిందికి దూకి నేల మీద పరుచుకుంటుంది. సాయంత్రం దుమ్ము లేపుతూ చల్లగాలి రాగానే ఎక్కడో వాన పడిందిరా అంటారు కదా, ఆ మాట నిజమే, కాకపోతే ఆ పడ్డ వానలో చాలా భాగం మధ్యలోనే ఖర్చై గాలిని చల్లబరచడానికే సరిపోయింది.

కోట్ల చుక్కలు కలిస్తేనే వాన

మబ్బులో ఉండే నీటిచుక్క ఎంత చిన్నదంటే దాని అడ్డుకొలత ఒక మిల్లీమీటర్లో యాభయ్యో వందో వంతు. ఆ సైజులో అది సెకనుకి ఒక సెంటీమీటర్ చొప్పున దిగుతుంది, కింద నుంచి వచ్చే కాస్త గాలికే పైన తేలిపోతుంది. వాన చినుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, సెకనుకి నాలుగు నుంచి ఆరు మీటర్ల పైన వేగంతో పడుతుంది. అలాంటి ఒక్క చినుకు తయారవ్వాలంటే ఉజ్జాయింపుగా పది లక్షల మబ్బు చుక్కలు ఒక్కటవ్వాలి. ఆవిరి ఊరికే పేరుకుంటూ పోతే ఆ సైజు రావడానికి చాలా గంటలు పడుతుంది, మబ్బుకి అంత ఆయుష్షు ఉండదు.

ఉష్ణమండలంలో దీనికి రెండు దారులున్నాయి. ఒకటి ఢీకొట్టుకోవడం, కొంచెం పెద్ద చుక్క వేగంగా జారుతూ చిన్నవాటిని తనలో కలుపుకుంటూ పోతుంది. దీనికి మొదట్లోనే కొన్ని పెద్ద చుక్కలు కావాలి. రెండోది మంచు దారి. మన ప్రాంతంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటితే సున్నా డిగ్రీలకన్నా కిందికి పోతుంది, మబ్బు అక్కడిదాకా ఎదిగితే మంచు స్ఫటికాలు పుట్టి, చుట్టూ ఉన్న చల్లటి నీటిచుక్కల ఆవిరిని లాగేసుకుని పెరిగి, దిగేటప్పుడు కరిగి పెద్ద చినుకులవుతాయి. పిడుగు పుట్టేది కూడా ఈ మంచు ఉన్న చోటే, మంచు గుళికలు, స్ఫటికాలు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పోగవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వడగళ్లు, పిడుగులు, ఆ తర్వాత నైరుతి కాలం సాయంత్రాల ఉరుములు అంత తీవ్రంగా ఉండటానికి మబ్బులు నిలువుగా చాలా ఎత్తుకి ఎదగడమే కారణం. కార్తీకం ముసురులో చాలాసార్లు ఉరుము వినపడదు, ఎందుకంటే ఆ వానలో ఎక్కువ భాగం మొదటి దారిలో, కింది తడిమబ్బుల్లోనే తయారైపోతుంది.

చుక్క పుట్టడానికి ఆధారంగా ఒక రేణువు కావాలి. నేల మీద నుంచి లేచే దుమ్ము, పొగ రేణువులు సన్నగా, లెక్కలేనన్ని ఉంటాయి, ఉన్న నీటిని అన్నీ పంచుకోవడంతో చుక్కలన్నీ చిన్నవిగానే మిగిలిపోయి ఒకదాన్నొకటి ఢీకొట్టే దాకా పోవు. సముద్రం మీద అలలు విరిగినప్పుడు గాలిలోకి చేరే ఉప్పు రేణువులు పెద్దవి, నీటిని బాగా పీల్చుకుంటాయి, వాటి మీద పుట్టిన చుక్క మొదటి నుంచే కాస్త పెద్దగా ఉంటుంది. ఈ ఒక్క తేడాతో బంగాళాఖాతం మీద పుట్టిన మబ్బు కొద్ది ఎత్తుకే కురవడం మొదలుపెట్టగలదు, మెట్ట నేల మీద పుట్టిన మబ్బు ఇంకా చాలా ఎత్తు ఎదగాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2009 నుంచి కైపీక్స్ పేరుతో విమానాల్లో మబ్బుల్లోకి వెళ్లి చుక్కల్ని కొలుస్తూ వచ్చింది, కాలుష్యం, దుమ్ము ఎక్కువున్న మబ్బులు ఎక్కువ లోతుకి ఎదిగితే తప్ప వాన మొదలుపెట్టవని ఆ కొలతల్లోనూ తేలింది.

సాయంత్రం ఏడు దాటాక వచ్చే వాన

నైరుతి కాలంలో అసలు వాన పడదని కాదు, జూలై నుంచి సెప్టెంబర్ దాకా నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు రాత్రిపూట గట్టి వానలు పడే రోజులుంటాయి. పగలంతా నేల కాగుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రం గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు, ఆ రోజే ఊరు ఊరంతా ఉడికిపోతుంది. పడమటి గాలి కాస్త తగ్గిన రోజు మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తడిని మోసుకుంటూ లోపలికి వస్తుంది, ఎదురుగా వచ్చే పొడి వేడిగాలితో కలిసిన గీత మీద రెండు గాలులకీ పోవడానికి పైకి తప్ప వేరే దారి ఉండదు. అక్కడే మబ్బు నిలువుగా లేస్తుంది. ఇదిగాక రాయలసీమలో మధ్యాహ్నం పుట్టిన ఉరుము మబ్బులు పైగాలి తోస్తుంటే తూర్పుకి జరుగుతూ, ముందే చెప్పిన చల్లగాలి తోపుతో తమ ముందు కొత్త మబ్బుల్ని లేపుకుంటూ, రాత్రికి తీరం చేరతాయి.

ఈ వాన లక్షణమే ముక్కలు ముక్కలుగా ఉండటం. ఒక మండలంలో 60 మిల్లీమీటర్లు పడుతుంది, పక్క మండలంలో నేల తడవదు. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటర్ వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు, అంటే పక్క పక్క ఊళ్ల మధ్య ఒక్క రాత్రిలో ఎకరానికి రెండు లక్షల లీటర్ల పైన తేడా వచ్చేస్తుంది. జిల్లా సగటు వర్షపాతం అని పేపర్లో వచ్చే అంకె ఈ కాలంలో ఏ రైతు పొలానికీ సరిగ్గా సరిపోదు. కంది, పత్తి విత్తనం వేసే మెట్ట రైతు చూసుకోవాల్సింది తన ఊరి పదునే.

గాలి తిరిగాక: తీరం వంపు చేసే పని

అక్టోబర్ మూడో వారం అటూఇటూగా గాలి తిరుగుతుంది. ఉత్తర భారతం మీద నేల చల్లబడి, అల్పపీడన ద్రోణి దక్షిణానికి బంగాళాఖాతం మీదికి జారుతుంది, ఈశాన్యం నుంచి వచ్చే గాలి వందల కిలోమీటర్ల వెచ్చటి నీళ్ల మీదుగా నడిచి ఆవిరి నింపుకుని తీరం చేరుతుంది. అప్పటికి బంగాళాఖాతం పైపొర 28, 29 డిగ్రీల దగ్గర ఉంటుంది, వాయుగుండాలకి అదే ఇంధనం.

మ్యాప్ ముందు పెట్టుకుని చూడాల్సిన విషయం ఇది. తడ దగ్గర్నుంచి ఒంగోలు దాకా తీరం దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఒంగోలు, చీరాల దాటాక ఈశాన్యానికి ఒరిగిపోతుంది. ఈశాన్య, తూర్పు గాలులు నెల్లూరు తీరాన్ని అడ్డంగా వచ్చి కొడతాయి, నీటి మీద ఎదురులేకుండా వచ్చిన గాలి నేల తాకగానే చెట్లు, ఇళ్లు, గరుకు నేల వల్ల నెమ్మదిస్తుంది, వెనక వచ్చే గాలి దాని మీదికి ఎక్కుతుంది, తీరం వెంబడే మబ్బు లేస్తుంది. బాపట్ల దాటాక అదే ఈశాన్య గాలి తీరానికి దాదాపు సమాంతరంగా జారిపోతుంది, ఒడ్డుని కొట్టదు. నెల్లూరుకి అరవై శాతం వాన ఈ మూడు నెలల్లో పడటానికీ, ఉత్తరానికి పోయేకొద్దీ ఈశాన్య వాటా తగ్గిపోవడానికీ ఉన్న కారణాల్లో ఈ వంపు ఒకటి, దీని గురించి మన దగ్గర చర్చ చాలా తక్కువ జరుగుతుంది.

ఈ కాలంలో తీరం ఊళ్లలో వాన తెల్లవారుజామున గట్టిగా పడి మధ్యాహ్నానికి తెరిపి ఇవ్వడం చాలామంది గమనించే ఉంటారు. రాత్రిపూట నేల సముద్రంకన్నా చల్లబడుతుంది, నేల నుంచి సముద్రం మీదికి పోయే గాలి ఎదురుగా వచ్చే ఈశాన్య గాలిని ఒడ్డుకి కాస్త అవతల ఎదుర్కొంటుంది, ఆ గీత మీద మబ్బుల వరస పుట్టి గాలితో పాటే ఒడ్డుకి కొట్టుకొస్తుంది. నైరుతిలో సాయంత్రం లోపల పుట్టి రాత్రికి తీరానికొచ్చే మబ్బు, ఈశాన్యంలో రాత్రి సముద్రం మీద పుట్టి పొద్దుటికి ఒడ్డెక్కే మబ్బు, రెండు కాలాల గడియారమే వేరు.

మామూలు ఈశాన్య గాలితో వచ్చే వాన ఒక మోస్తరే, జిల్లా చెరువులు నిండేదీ తెగేదీ వాయుగుండాలతోనే. 1989 నవంబర్‌లో గే తుపాను కావలి దగ్గర తీరం దాటింది. 2015 నవంబర్‌లో వరసగా వచ్చిన అల్పపీడనాలు అప్పటి నెల్లూరు జిల్లా దక్షిణ భాగాన్ని ముంచాయి. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున వాయుగుండం చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటినప్పుడు దానికి ఉత్తరాన ఉన్న తూర్పు గాలులు తేమనంతా తెచ్చి శేషాచలం కొండల మీదికి ఎక్కించాయి, అక్కడ కురిసిన వాన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టని తెంచుకుని పెన్నలోకి, పెన్న నుంచి సోమశిల జలాశయానికి, అక్కడ్నుంచి నెల్లూరుకి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, హైవే కోసుకుపోయి రాకపోకలు ఆగిపోయాయి. ఆ వరదకి కారణమైన వాన చాలావరకు నెల్లూరు మీద పడింది కాదు, కొండల అవతల పడింది. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు, 78 టీఎంసీల సోమశిల నవంబర్ మధ్యకే నిండుగా ఉంటే ఇక ఆ తర్వాత వచ్చే వరదని దాచుకోవడానికి చోటెక్కడుంటుంది?

2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుపాను ఇంకో రకం. అది చెన్నై నుంచి నెల్లూరు తీరం పక్కగా మెల్లగా ఉత్తరానికి నడిచి 5వ తేదీన బాపట్ల దగ్గర నేల ఎక్కింది. తుపాను గాలి వేగం గురించే అందరూ మాట్లాడతారు గానీ వాన నష్టాన్ని తేల్చేది అది నడిచే వేగం, మెల్లగా పోయే తుపాను ఒకే ఊరి మీద ఎక్కువ గంటలు కురుస్తుంది.

కంభం లోయ: రెండు వైపులా గోడలే

ఉమ్మడి జిల్లా ఒకటే అయినా ఒంగోలు, మార్కాపురం ఒకే ఆకాశం కింద లేవు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం పడమర నల్లమలకీ తూర్పు వెలిగొండలకీ మధ్య ఇరుక్కున్న లోయ. నైరుతి గాలి వస్తే నల్లమల ముందు తీసుకుంటుంది, ఈశాన్య గాలి వస్తే వెలిగొండలు తీసుకుంటాయి. రెండు కాలాల్లోనూ ఈ లోయకి దక్కేది కొండ దిగిన గాలే. గుండ్లకమ్మకి అడ్డంగా కంభం చెరువు విజయనగర కాలంలోనే కట్టారంటే, లోయలో కురిసేదాన్ని నమ్ముకోకుండా నల్లమల మీద కురిసిందాన్ని పట్టుకోవాలనే లెక్క ఆ కాలం వాళ్లకి తెలిసే ఉండాలి అనిపిస్తుంది.

ఈ లోయకి మంచి వాన పడాలంటే లోతైన వాయుగుండం నెల్లూరు, బాపట్ల మధ్య తీరం దాటి లోపలికి రావాలి, అప్పుడు గాలి సుడి మొత్తం పైదాకా తడిగా ఉంటుంది కాబట్టి కొండ గోడ పెద్దగా అడ్డం రాదు. అది ప్రతి ఏడూ జరిగేది కాదు. మధ్యలో నాలుగైదేళ్లు జరక్కపోతే బోర్లు ఇంకా లోతుకి పోతాయి, లోతు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య తోడవుతుంది, కనిగిరి వైపు జనం దశాబ్దాలుగా పడుతున్న బాధలో నేలలో రాయి పాత్ర ఎంతో పైన గాలి పాత్ర కూడా అంత.

చినుకు సైజు, రాడార్ లెక్క

తిరుపతి పక్కన పాకాల దారిలో గాదంకి అనే చిన్న ఊరుంది. అక్కడ అంతరిక్ష విభాగం కింద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నడుస్తోంది, 1990ల మొదట్లో పెట్టిన 53 మెగాహెర్ట్జ్ పెద్ద రాడార్ దాని గుండెకాయ. నెల్లూరుకి ఇంత దగ్గర్లో ఇంత పెద్ద మబ్బుల పరిశోధన జరుగుతోందని మన జిల్లాల్లో తెలిసినవాళ్లు తక్కువే. అక్కడ చినుకుల సైజులు ఏళ్ల తరబడి కొలిచారు. గంటకి ఒకే మోతాదులో వాన పడుతున్నప్పుడు కూడా నైరుతి వానలో పెద్ద చినుకులు ఎక్కువ, ఈశాన్య వానలో చిన్న చినుకులు ఎక్కువ అని వాళ్ల కొలతల్లో తేలింది. పైన చెప్పుకున్న పొడిగాలి చిన్న చినుకుల్ని తినేయడం, నేల మబ్బులు మంచు దారిలో ఎత్తుకి ఎదగడం, సముద్రపు మబ్బులు కింద కింద కురవడం, ఇవన్నీ కలిసి ఆ కొలతలో కనపడుతున్నాయి.

ఇది ల్యాబ్ వరకే ఆగే విషయం కాదు. డాప్లర్ రాడార్ మబ్బులోకి తరంగం పంపి తిరిగొచ్చిన ప్రతిధ్వని బలాన్ని బట్టి వాన ఎంతో లెక్కగడుతుంది. ఆ ప్రతిధ్వని చినుకు అడ్డుకొలతకి ఆరో ఘాతంతో పెరుగుతుంది, నీటి పరిమాణం మూడో ఘాతంతోనే పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల చినుకు ఒకటి ఒక మిల్లీమీటర్ చినుకులు 64 ఇచ్చినంత ప్రతిధ్వని ఇస్తుంది, కానీ దాన్లో ఉండే నీళ్లు ఎనిమిది చినుకులవే. కాబట్టి ఏడాది పొడుగునా ఒకే సూత్రం వాడితే ఆషాఢంలో ఎర్రగా కనపడ్డ మబ్బు అనుకున్నంత కురవదు, కార్తీకంలో పచ్చగా, పసుపుగా కనపడ్డ మబ్బు అనుకున్నదానికన్నా ఎక్కువ కురిసేస్తుంది. వాట్సాప్ స్టేటస్‌లలో రాడార్ బొమ్మలు పెట్టి ఎర్రరంగు చూపించి భయపడటం, రంగు లేదని ధీమాగా ఉండటం, రెండిట్లోనూ ఇబ్బంది ఇదే.

దూరం కూడా ఉంది. భూమి గుండ్రం, రాడార్ కిరణం తిన్నగా పోతుంది, 200 కిలోమీటర్ల దూరం పోయేసరికి అది నేలకి నాలుగు కిలోమీటర్ల పైనే ఉంటుంది. శ్రీహరికోట, మచిలీపట్నం, హైదరాబాద్, ఈ మూడు రాడార్లలో ఏది చూసుకున్నా మార్కాపురం 200 కిలోమీటర్లు దాటే ఉంది. అంటే అంత దూరం నుంచి ఆ రాడార్లు ఆ లోయలో కింది మబ్బుని దాదాపు చూడలేవు, పైన ఉన్న మంచు భాగాన్నే చూస్తాయి, కింద చినుకు ఆవిరైందో పడిందో వాటికి తెలిసే దారి లేదు. అసలే వాన తక్కువున్న చోట కొలత కూడా తక్కువుండటం సరైంది కాదు, ఆ వైపు వానమానికలు (వాన కొలిచే పరికరాలు) దగ్గర దగ్గరగా పెట్టడం కొత్త రాడార్ కన్నా చవకైన పని.

యాప్‌లో 70 శాతం వాన అని చూపిస్తే దాని అర్థం కూడా చాలామంది వేరేగా తీసుకుంటున్నారు. అది 70 శాతం సేపు పడుతుందనో ఊరిలో 70 శాతం మంది తడుస్తారనో కాదు, ఆ చోట ఆ సమయంలో ఎంతో కొంత వాన పడటానికి ఉన్న అవకాశం అది, రెండు చినుకులు పడ్డా ఆ అంచనా నిజమైనట్టే లెక్క.

మేఘమథనం ఎంతవరకు

కరువు మండలాల లిస్టు వచ్చిన ప్రతిసారీ మేఘమథనం మాట లేస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలో కొన్నేళ్లు చేశారు కూడా. పద్ధతి రెండు రకాలు. ఎత్తుకి ఎదిగిన మబ్బులో సిల్వర్ అయోడైడ్ చల్లితే మంచు స్ఫటికాలు పుట్టడానికి ఆధారం దొరుకుతుంది, కింది మబ్బులో ఉప్పు రేణువులు వదిలితే పెద్ద చుక్కలు పుట్టి ఢీకొట్టుకోవడం మొదలవుతుంది. రెండూ ఉన్న మబ్బుకి తోడు చేసేవే, లేని మబ్బుని పుట్టించేవి కావు.

పుణే సంస్థ మహారాష్ట్రలోని షోలాపూర్ దగ్గర 2018, 2019 వానాకాలాల్లో చేసిన ప్రయోగంలో మబ్బులు రెండు గుంపులుగా విడగొట్టి ఒక గుంపుకే ఉప్పు చల్లి పోల్చి చూశారు. గాలివాలున వంద చదరపు కిలోమీటర్ల పరిధిలో సగటున 18 శాతం దాకా వాన పెరిగిందని లెక్క తేలింది. షోలాపూర్ కూడా పడమటి కనుమలు వానని ఆపేసే వైపు, అంటే వాన నీడలో ఉన్నదే కాబట్టి ప్రకాశం పడమటి భాగానికి ఈ ఫలితం కొంత దగ్గరగా వర్తిస్తుంది. కానీ 18 శాతం అనేది ఎంత వానకి 18 శాతం అన్నదే ప్రశ్న. 10 మిల్లీమీటర్లు ఇచ్చే మబ్బు 12 దాకా ఇవ్వొచ్చు, అది ఎండుతున్న కందికి ఒక వారం ఊపిరి. చెరువు నిండదు, బోరు పైకి రాదు. వరపు పట్టి ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో అయితే విమానం ఎగిరినా చల్లడానికి మబ్బే ఉండదు, జనం మేఘమథనం అడిగేది చాలావరకు ఆ రోజుల్లోనే.

ఎల్‌నినో వార్త ఇక్కడ వేరేగా చదవాలి

పసిఫిక్ మహాసముద్రం నడిమి భాగం వేడెక్కితే ఎల్‌నినో అంటారు, దేశంలో నైరుతి వానలు తగ్గే అవకాశం పెరుగుతుంది కాబట్టి వార్తల్లో కరువు అని వస్తుంది. అదే ఎల్‌నినో ఏళ్లలో ఈశాన్య వానలు సగటు కన్నా ఎక్కువ పడే మొగ్గు దక్షిణ తీరంలో ఉంది, 2015 దానికి బలమైన ఉదాహరణ. అదే భాగం చల్లబడే లానినాలో దీనికి ఎదురు, 2016లో లానినా, హిందూ మహాసముద్రంలో ప్రతికూల డైపోల్ (పడమటి భాగం చల్లగా, తూర్పు భాగం వేడిగా ఉండటం) రెండూ కలిసొచ్చి దక్షిణాది ఈశాన్య వానలు దారుణంగా దెబ్బతిన్నాయి. అయితే 2021 లానినా ఏడే, ఆ నవంబర్ సంగతి పైన చూశాం. మొగ్గుని మొగ్గుగానే చూడాలి, ఒక్క ఏడాదికి హామీ అనుకోకూడదు.

కాబట్టి ఒకే వార్త రెండు జిల్లాల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. డెల్టాలో నవంబర్, డిసెంబర్లలో నాట్లు వేసే నెల్లూరు రైతుకి ఎల్‌నినో అంటే నారుమడి మునుగుతుందేమో అని చూసుకోవాల్సిన ఏడు. తీరం వెంట ఉప్పు కొటార్లకీ రొయ్యల గుంటలకీ అంతే, ఒక్కసారి మంచినీళ్లు ముంచేస్తే గుంటలో ఉప్పదనం పడిపోతుంది. పొదిలి, మర్రిపూడి వైపు మెట్ట రైతుకి అదే ఏడు కంది దెబ్బతిని, ఆలస్యంగా పడిన పదును మీద శనగ, పొగాకు నిలబెట్టుకోవాల్సిన ఏడు అవుతుంది. కొండలకి ఈ పక్కా ఆ పక్కా తేడా ఇంకా పెరుగుతుంది. వేడెక్కేకొద్దీ గాలి డిగ్రీకి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, ఈ మార్పు సముద్రం పక్కన వాయుగుండం వానని పెంచుతుంది, అదే వేడి మెట్టలో డ్యూ పాయింట్ తేడాని పెంచితే మబ్బు అడుగుని ఇంకా పైకి తోస్తుంది.

సోమశిల, కండలేరు గేట్ల దగ్గర ఈ లెక్కలు తేలాల్సింది అక్టోబర్ చివరి వారంలో. సెప్టెంబర్‌లో కృష్ణా నీళ్లతో నింపుకున్న జలాశయాల్లో నవంబర్ వాయుగుండానికి ఎంత ఖాళీ ఉంచాలి, ఖాళీ ఉంచాక ఆ వాయుగుండం రాకుండా 2016లా అయిపోతే రబీ కోత తర్వాత వేసే ఎడగారు పంటకి నీళ్లెక్కడివి అనే రెండు భయాల మధ్య ఆ అంకె తేల్చాలి, ఆ రోజుకి చేతిలో ఉండేది ఐదు రోజుల అంచనా, శేషాచలం కొండల మీది వానమానికలు, బంగాళాఖాతం ఆగ్నేయ మూలలో అప్పుడే పుట్టిన ఒక ఉపరితల ఆవర్తనం.